డబ్బా మీద ఐఎస్ఐ ముద్ర ఉన్నది, కింద నంబర్ మాత్రం పైపుల కంపెనీది

దేవరకొండ దిక్కు ఒక మండల కేంద్రం నుంచి ఒక చెల్లె రాసింది. పేరు వద్దన్నది, ఊరు వద్దన్నది. ఉత్తరం పెద్దగ ఉన్నది, కుదించి చెప్తున్న.

పెండ్లయి ఆరేండ్లు, డిగ్రీ చదివింది, ఇంటాయనకు మెయిన్ రోడ్డు మీద చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉన్నది. షాపుకు పెట్టుబడి పెట్టింది బావగారు, అంటే ఇంటాయన అన్న. హైదరాబాద్ పోయి హోల్‌సేల్ల మాల్ తెచ్చేది కూడా ఆయనే. ఇంటాయన వైరింగ్ పనులకు పోతే గల్లా మీద ఈ చెల్లె కూర్చుంటది. మొన్న చలి మొదలైనప్పుడు బావ నలభై వాటర్ హీటర్ రాడ్లు తెచ్చిండు, ఒక్కోటి 220 పడ్డది, 350కి అమ్మిన్రు, ఇరవై రెండు పోయినయి. అందుల ఒకటి వాళ్ల వాడకట్టుల ఉండే పెద్దమ్మకు ఈ చెల్లెనే అమ్మింది. "నువ్వే మంచిది చూసియ్యి బిడ్డా" అని ఆమె అడిగితే డబ్బా మీద ఐఎస్ఐ ముద్ర చూపించి మరీ ఇచ్చింది. పది రోజులకు పొద్దుగాల పెద్దమ్మ సిల్వర్ బకెట్‌ల రాడ్డు వేసి, బకెట్ జర జరుపుదామని పట్టుకున్నది, షాక్ కొట్టింది, చెయ్యి ఊడిరాలేదు. మనుమడు ఉరికొచ్చి మెయిన్ బంద్ చేసిండు కాబట్టి బతికింది, అరచెయ్యి కాలింది.

ఆ రాత్రి చెల్లె ఒక డబ్బా ఇంటికి తెచ్చి చూసింది. పోయినేడు మిర్యాలగూడల బంగారం కొన్నప్పుడు ఫోన్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకున్నదట, హాల్‌మార్క్ నంబర్ చూసుకోవడానికి. అదే యాప్‌ల రాడ్డు డబ్బా మీది నంబర్ కొడితే ఎక్కడిదో పైపుల కంపెనీ పేరు వచ్చింది. బావకు చూపిస్తే మూడు మాటలన్నడట: డబ్బా మీద సీఈ అని కూడా ఉన్నది, అది యూరప్ వాళ్లది, ఐఎస్ఐ కన్నా పెద్దది, బజార్ల అందరూ ఇవే అమ్ముతున్నరు, షాక్ కొట్టింది రాడ్డు వల్ల కాదు, ముసలామె ఇంట్ల పాత వైరింగ్ వల్ల. ఇంటాయన ఏం మాట్లాడతలేడు. అత్తమ్మ "ఇంటి గుట్టు లంకకు చేటు" అని నోరు మూయించింది. చెల్లె అడిగేది ఇది: "ఆ ముద్ర ఎవరు వేస్తరు అక్కా, దానికి అర్థం ఏంది? ముద్ర చూసి కూడా నమ్మొద్దంటే ఇగ దేన్ని నమ్మాలె? మిగిలిన పద్దెనిమిది రాడ్లు ఏం చెయ్యాలె? బావతోని చెడితే షాపే ఉండదు."

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. "ముద్ర చూపించి మరీ ఇచ్చిన" అన్న మాట మూడుచోట్ల రాసినవు, అక్కడనే నీ పానం కొట్టుకుంటున్నదని అర్థమైంది. నువ్వు తెలిసి అమ్మలేదు. తెలిసిన రోజు నుంచి ఆ పద్దెనిమిది డబ్బాలు అటక మీద పెట్టి గిరాకి వచ్చినా లెవ్వని చెప్తున్న అని రాసినవు చూడు, సగం పని అక్కడనే అయిపోయింది. మిగిలిన సగం కష్టమైనదే, కాదనను.

ఇంక వేరే మాట మాట్లాడే ముందు పెద్దమ్మ సంగతి. షాక్ తగిలినంక ఆమెను డాక్టర్‌కు చూపించిండ్రా, ఈసీజీ తీసిండ్రా? చెయ్యి మీద మందు పూసి పంపితే సరిపోదు, కరెంటు లోపట్నుంచి పోతది, గుండె కొట్టుకునేది తప్పిందా లేదా చూపియ్యాలె, ఆ వయసులైతే తప్పకుండా. చూపియ్యకపోతే నువ్వే తోల్కపో, ఖర్చు మీ షాపుదే. ఆ రాడ్డు ఇంకా ఆమె ఇంట్లనే ఉంటే ఈ రోజే తెచ్చుకో. పారేస్తమని అంటరు గని మన ఊర్లల్ల ఎవరూ పారెయ్యరు, చుట్టాలకిస్తరు.

ఇగ ముద్ర సంగతి. ఐఎస్ఐ అంటే 1947ల పెట్టిన ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ పేరు. ఆ సంస్థే 1987ల బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ అయింది, అదే బీఐఎస్, ముద్ర మాత్రం పాత పేరుతోనే ఉండిపోయింది. చానామంది సర్కారోళ్లు ప్రతి రాడ్డును పట్టి చూసి ముద్ర గుద్దుతరు అనుకుంటరు, అట్ల కాదు. కంపెనీ వాడు లైసెన్స్‌కు పెట్టుకుంటడు, వీళ్లు పోయి ఫ్యాక్టరీ చూస్తరు, శాంపిల్ ల్యాబ్‌ల పరీక్ష చేయిస్తరు, పాసైతే లైసెన్స్ ఇస్తరు. అక్కడి నుంచి ముద్ర వేసుకునేది కంపెనీ వాడే, పరీక్షలు రోజూ చేసుకోవాల్సింది వాడే, బీఐఎస్ వాళ్లు మధ్య మధ్యల ఫ్యాక్టరీల గాని బజార్ల గాని శాంపిల్ ఎత్తుకపోయి చూస్తుంటరు. అంటే ఆ ముద్రకు అర్థం "ఈ వస్తువుకు ఫలానా వాడు జవాబుదారీ, వాని అడ్రస్ మా దగ్గర ఉన్నది" అని. ఆ ఫలానా వాడు ఎవడో చెప్పేది బొమ్మ కాదు, బొమ్మ కింద ఉండే నంబర్. ముద్ర మీద ఐఎస్ అని ఒక నంబర్ ఉంటది, అది ఏ వస్తువు రూల్ అనేది, నీళ్లల్ల వేసే రాడ్డుకైతే ఐఎస్ 368. కింద సీఎం/ఎల్ అని రాసి ఏడు నుంచి పది అంకెలు ఉంటయి, అది లైసెన్స్. నంబర్ లేని ఐఎస్ఐ బొమ్మ ఉట్టి సిరా, ఏ ప్రింటింగ్ ప్రెస్సుల అడిగినా కొట్టిస్తరు.

ఇంకో సంగతి, నువ్వు బంగారం అలవాటుతోని చూసినవు కాబట్టి చెప్తున్న. హాల్‌మార్క్‌ల ఆరు అక్షరాల నంబర్ ఒక్కో నగకు ఒక్కోటి ఉంటది, నీ గాజుది నీ గాజుదే. ఐఎస్ఐ కింది నంబర్ అట్ల కాదు, అది ఫ్యాక్టరీది, వాడు చేసే లక్ష రాడ్లకు అదే నంబర్. అందుకని దొంగ మాల్ చేసేటోడు ఎవరిదో మంచి నంబర్ ఎత్తి పెట్టుకుంటడు. నీకు పైపుల కంపెనీది వచ్చింది కాబట్టి దొరికింది, అదే ఇంకో రాడ్ల కంపెనీ నంబర్ పెట్టి ఉంటే యాప్ల "ఉన్నది" అని వచ్చేది, నువ్వు సరే అనుకునేదానివి. ఇగ నుంచి కంపెనీ పేరు, ఊరు, వస్తువు, బ్రాండ్ డబ్బా మీది వాటితోని కలుస్తున్నయా, లైసెన్స్ ఇంకా నడుస్తున్నదా గడువైపోయిందా, అన్నీ చూడు. రెండు నిమిషాల పని.

బావ అన్న మూడు మాటలకు జవాబు నీ దగ్గర లేకనే నువ్వు చిన్నబోయినవు. ఒక్కొక్కటి చెప్తా.

సీఈ గురించి ఆయనను తప్పు పట్టకు, హోల్‌సేల్ల అట్లనే చెప్పి అంటగడ్తరు. సీఈ అనేది యూరప్ దేశాలల్ల అమ్మే సరుకుకు, మా వస్తువు ఇక్కడి చట్టాల ప్రకారం ఉన్నదని తయారు చేసినోడే వేసుకునే గుర్తు. ఇసొంటి కరెంటు సామాన్లకు చానావరకు బయటోడు ఎవడూ పరీక్ష చెయ్యాల్సిన పని లేదు, కంపెనీ వాడు తన కాగితాలు తన దగ్గర పెట్టుకుని తానే సంతకం పెట్టుకుంటడు. అది పెద్దదీ కాదు చిన్నదీ కాదు, వేరే ఊరి రేషన్ కార్డు అనుకో, ఇక్కడ చెల్లదు. వాట్సాప్‌ల "సీఈ అంటే చైనా ఎక్స్‌పోర్ట్" అని తిరుగుతది, అసొంటి ముద్ర కూడా ఎక్కడా లేదు, ఆ మాట బావతోని అనకు, మాట వేరే దిక్కు పోతది. మన దగ్గర నీళ్ల రాడ్లు 2003 ఆర్డర్ నుంచి తప్పనిసరి లిస్టుల ఉన్నయి, ఐఎస్ఐ లేకుండ అమ్మొద్దు, అంతే. డబ్బా మీద ఐఎస్ఓ 9001 అని కూడా ఉన్నదని రాసినవు, అది ఆఫీసు ఎట్ల నడుపుతున్నరు అనేదాని సర్టిఫికెట్, రాడ్డుకు సంబంధం లేదు. గీజర్ల మీద చుక్కల లేబుల్ చూస్తవు కదా, అది కరెంటు ఎంత కాలుతదో చెప్తది, షాక్ కొట్టదని చెప్పదు.

"అందరూ అమ్ముతున్నరు" అన్న మాటకు: 2016ల చేసిన బీఐఎస్ చట్టం తయారు చేసినోన్ని ఒక్కన్నే పట్టుకోదు, ముద్ర తప్పనిసరి అయిన వస్తువును ముద్ర లేకుండ అమ్ముడు, అమ్మడానికి షాపుల పెట్టుకునుడు కూడా తప్పే అంటది. ఇంకోటి ఉన్నది, 2019 వినియోగదారుల చట్టం. వస్తువు వల్ల మనిషికి దెబ్బ తగిలితే తయారీదారు ఎవడో తెల్వకపోయినా, తెలిసినా నోటీసు అందకపోయినా, అమ్మినోడు జవాబు చెప్పాలె అని దాంట్ల ఉన్నది. ఇప్పుడు ఆ డబ్బా మీద ఉన్న నంబర్ పట్టుకుని ఆ కంపెనీకి ఉత్తరం రాస్తే ఎవరికి అందుతది చెప్పు? పైపుల వాళ్లకు. వాళ్లు మాకేం తెల్వదంటరు. ముద్ర వెనుక ఎవడూ లేనప్పుడు ఆ ముద్ర కింద నిలబడేది మీ షాపు బోర్డే. బావకు ఈ ఒక్క మాట అర్థమైతే చాలు, ఎందుకంటే పెట్టుబడి ఆయనదే.

మూడో మాటల మాత్రం సగం నిజం ఉన్నది, దాన్ని కొట్టిపారెయ్యకు. రాడ్డు లోపల సన్నటి కాయిల్ తీగ ఉంటది, దాని చుట్టు తెల్లటి పొడి దట్టించి మీద గొట్టం ఉంటది. ఆ పొడికి తేమ తగలకుండ రెండు కొనలు గట్టిగ మూసి ఉండాలె. చవక రాడ్లల్ల ఆ మూతి సరిగ మూయరు, ఆవిరి లోపలికి పోతది, కరెంటు గొట్టం మీదికి వస్తది. మంచి రాడ్డుకైనా ఎప్పుడో ఒకప్పుడు ఇది కావచ్చు, ముఖ్యంగ మన నల్లగొండ బోరు నీళ్లకు, నెల తిరగకముందే గొట్టం మీద తెల్లగ సున్నం పొర కడ్తది కదా, పొర మందమైతే లోపల వేడి పెరిగి గొట్టం పగుల్తది. అందుకే గొట్టానికి ఒక పచ్చ వైరు కట్టి ప్లగ్గుల మూడో పిన్నుకు ఇస్తరు, లీకైన కరెంటు మనిషిల నుంచి పోకుండ భూమిలకు పోవాలని. పెద్దమ్మ ఇంట్ల సాకెట్ మూడో రంధ్రానికి ఎర్తింగ్ లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే. అంటే రాడ్డు తప్పు, సాకెట్ తప్పు రెండు కలిసినయి. ఐఎస్ఐ ముద్ర రాడ్డుకు పూచీ పడ్తది, గోడల ఉన్న సాకెట్‌కు పడదు. సిల్వర్ బకెట్ కూడా ఒకటి తోడైంది.

అయితే మీ రాడ్డుకు అసలు పచ్చ వైరు ఉన్నదా? నాకు అనుమానం ఎందుకంటే, మా నాయన నల్లగొండల మోటర్ వైండింగ్ చేసేటోడు, నేను స్కూల్ నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఒకసారి ఎవరో షాక్ కొడ్తున్నదని ఇస్త్రీ పెట్టె తెచ్చిన్రు. ప్లగ్గు చూస్తే మూడు పిన్నులు మంచిగ ఉన్నయి. నాయన ఏం మాట్లాడకుండ ప్లగ్గు మెడ దగ్గర వైరును కట్టర్తోని కోసి, కొన నా ముందట పట్టుకుని లెక్కపెట్టమన్నడు. ఎర్రది ఒకటి, నల్లది ఒకటి. పచ్చది లేదు. మూడో పిన్ను ఉట్టిగనే, దానికి ఏ తీగా లేదు, చూడటానికి పెట్టిన్రు. ఆ కోసిన కొన చానా రోజులు మా షెడ్డుల మేకుకు వేలాడింది, వచ్చినోళ్లందరికి చూపించేటోడు.

నువ్వు కూడా ఒక పని చెయ్యి. పద్దెనిమిదిల ఒక రాడ్డు తీసి, కరెంటుకు పెట్టకుండనే, ఇంటాయనతోని బావ ముందట వైరు కోయించు. రెండు తీగలే ఉంటే ఇగ ఎవరూ వాదించాల్సిన పని లేదు. మూడు ఉన్నా అది మంచి రాడ్డు అని కాదు, ముద్ర మాత్రం అప్పుడూ దొంగదే. మీ ఇంటాయన వైరింగ్ పని చేస్తడు కాబట్టి వైర్ల భాష ఆయనకు బాగ అర్థమైతది. ఇన్ని రోజులు మాట్లాడంది బావ మీద గౌరవంతోని కావచ్చు, చేతుల కట్టర్ పెడితే మాట దానంతటదే వస్తదేమో.

ఇగ ఏం చెయ్యాలె అనేది. నాలుగు దార్లు కనిపిస్తున్నయి నాకు, ఏది పట్టుకున్నా ఎంతో కొంత పోతది.

సప్పుడు లేకుండ అటక మీదనే పెట్టుడు ఒకటి. ఇంట్ల లొల్లి ఉండదు, నష్టం 18 రాడ్లకు 3,960. గని అమ్మిన ఇరవై రెండు ఊర్లనే ఉన్నయి, సంక్రాంతి దాకా చలి ఉన్నది. నువ్వు ప్రతి పొద్దు ఎవరింట్ల ఏమైతదో అని లేస్తవు. నీ ఉత్తరం చూస్తే ఇది నీతోని కాదనిపిస్తున్నది.

హోల్‌సేల్ వానికి వాపస్ ఇచ్చుడు రెండోది. జీఎస్టీ బిల్లు ఉంటే గట్టిగ అడగొచ్చు, పైసలు రావచ్చు. కచ్చా చీటీ మీద తెస్తే వాడు నేను ఇయ్యలేదంటే అయిపాయె. ఒకవేళ తీసుకున్నా ఆ పద్దెనిమిది అటక మీదికి పోవు, కొండమల్లేపల్లిల గాని కల్వకుర్తిల గాని ఇంకో షాపు గల్లాకు చేరుతయి. పైసలు వాపస్ ఇస్తేనే ఇయ్యి, వైర్లు కోసినంక ఇయ్యి. కోసినయి తీసుకోనంటే వాని మనసుల ఏమున్నదో బావకు అక్కడనే కనిపిస్తది.

మూడోది, కొన్నోళ్ల దగ్గరికి పోయి వాపస్ తెచ్చుకునుడు. లెక్క చేద్దాం: ఇరవై రెండు మంది, 350 చొప్పున 7,700. మిగిలినయి 3,960. అన్నీ కలిపి 11,660. ఒక్క సీజన్ల చిన్న షాపుకు ఇది నొప్పే, గని షాపు మూతపడేంత నొప్పి కాదు, బావ పెట్టుబడి మునిగేంత కాదు. పైసలే ఇయ్యాలని కూడా లేదు, అసలు ఐఎస్ఐ రాడ్డు తెచ్చి ఎక్కువైన ధర వాళ్లను ఇయ్యమంటే చానామంది ఇస్తరు. ఉద్దెర చిట్టీల ఎవరు కొన్నరో పేర్లు ఉంటయి కదా, దాంతోని మొదలుపెట్టు. "షాపోళ్లే తప్పు ఒప్పుకున్నరు" అని నలుగురు అంటరు, అది పడాలె. కొందరు పెద్దమ్మ సంగతి పట్టుకుని పైసలు గుంజాలని కూడా చూడొచ్చు, అది కూడా తెలుసుకునే దిగు.

నాలుగోది, ఫిర్యాదు. నీ ఫోన్ల ఉన్న ఆ యాప్‌లనే ఫిర్యాదు పెట్టొచ్చు, దొంగ ముద్ర గురించి సమాచారం ఇచ్చినోళ్ల పేరు బయటికి చెప్పం అని బీఐఎస్ వాళ్లు అంటరు. దీనివల్లనే అసలు ఈ మాల్ చేసేటోడు దొరుకుతడు, మిగిలిన దార్లల్ల వాడు హాయిగనే ఉంటడు. కాకపోతే వాళ్లు అడిగే మొదటి మాట "ఎక్కడ కొన్నరు, బిల్లు ఏది" అనే. బావ పేరు వస్తది. మీ షాపుల మాల్ ఉంటే దాన్ని కూడా జప్తు చెయ్యొచ్చు. అందుకని ఇంట్ల ఎవరికీ చెప్పకుండ రాత్రికి రాత్రి ఫిర్యాదు పెట్టకు, ముందుగాల నల్లగొండల వినియోగదారుల కేసులు చూసే లాయర్‌తోని ఒక గంట కూర్చో, ఇంటాయనను వెంట తీసుకపో. మీరే తెచ్చుకుని మీరే బయటపెట్టినోళ్లకూ, దొరికినోళ్లకూ తేడా ఉంటది, ఆ తేడా ఎంతో లాయర్ చెప్తడు. పెద్దమ్మ తరఫు వాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోయినా అది వాళ్ల హక్కు, రెండేండ్ల దాకా పోవచ్చు, వద్దని బతిమిలాడకు.

నేనైతే మూడోదానితోని మొదలుపెట్టి, బావను నాలుగోదానికి ఒప్పియ్యడానికి చూస్త. గని అది నా మాట, ఆ ఇంట్ల పొద్దున లేచి అందరి మొకాలు చూడాల్సింది నువ్వు.

బావతోని మాట్లాడేటప్పుడు "మీరు తెచ్చిన దొంగ మాల్" అనకు. ఆయన కూడా మోసపోయినోడే అనుకుని మొదలుపెట్టు, నిజం కూడా అదే కావచ్చు. "బావా, మీరు ఇంత పెట్టుబడి పెట్టిన్రు, రేపు ఎవరన్న కేసు వేస్తే డబ్బా మీద కంపెనీ దొరకదు, మన పేరే దొరుకుతది, నాకు అదే భయమైతున్నది" అను. ఫోన్ల యాప్ తెరిచి నంబర్ ఆయన చేతనే కొట్టియ్యి. నువ్వు చెప్పింది వినకపోవచ్చు గని ఆయన వేలితోని కొట్టింది ఆయన మర్చిపోడు. అత్తమ్మ అన్నదానికి ఎదురు మాట్లాడకు, పెద్దమ్మ ఆమెకు దోస్తే అని రాసినవు కదా, చెయ్యి చూసిరావడానికి ఆమెనే వెంట తీసుకపో.

షాపు సంగతి ఒక్క మాట. మిగిలిన మాల్ కూడా ఒక పూట కూర్చుని చూసుకో: వైర్లకు ఐఎస్ 694, ప్లగ్గులు సాకెట్లకు ఐఎస్ 1293, స్విచ్చులకు ఐఎస్ 3854. ఫోన్ చార్జర్లు, పవర్ బ్యాంకులు, ఎల్ఈడీ బల్బులకు బీఐఎస్ గుర్తు వేరే తీరుగ ఉంటది, దాని కింద ఆర్ అని ఎనిమిది అంకెలు ఉంటయి, అది కూడా అదే యాప్ల కొట్టి చూడొచ్చు. అది రిజిస్ట్రేషన్, ల్యాబ్ పరీక్ష ఉంటది గని ఐఎస్ఐ లెక్క ముందుగాల ఫ్యాక్టరీ చూసి ఇచ్చేది కాదు. చార్జర్ మీద ఐఎస్ఐ ముద్ర లేదని గిరాకి అడిగితే ఈ సంగతి చెప్పు.

పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు ఇంటాయనను సాకెట్ విప్పి చూడమను. ఎర్తింగ్ లేకపోతే గుంత తవ్వి ఉప్పు బొగ్గులు వేసి పైపు దింపియ్యండి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి పెట్టియ్యండి, కరెంటు లీకైతే మనిషి పానం మీదికి రాకముందే అదే పడిపోతది. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు గుంజుతది, ఫోన్ చార్జింగ్ పెట్టే ఆరు ఆంపియర్ల సాకెట్‌ల పెట్టనియ్యకు, పదహారుది వెయ్యమను. రాడ్డు నీళ్లల్ల మునిగినంకనే స్విచ్చు వేసుడు, స్విచ్చు బంద్ చేసి ప్లగ్గు పీకినంకనే బకెట్ ముట్టుడు, ఇది ఆమె మనుమనికి చేసి చూపియ్యి, వాడే అందరికి చెప్తడు.

ఆ రాడ్డు తెచ్చినంక వైరు కోసి ఎన్ని తీగలు వచ్చినయో నాకు రాయి. బావ ఏమన్నడో కూడా రాయి.